పనికిరాని రాయి, పెద్ద కంపెనీ ప్రేమ

చిన్న కంపెనీలను పెద్ద కంపెనీలు మింగేస్తున్నాయని ఏడ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మింగడమేమిటండీ! ఒళ్లోకి తీసుకోవడం అనండి!

నా సంగతే చూడండి. తొంభై ఎనిమిదిలో పటాన్‌చెరులో నాకో రేకుల షెడ్డు, ఓ పాత డ్రిల్లింగ్ లారీ, గుప్పెడు మనుషులు ఉండేవాళ్లు. గుట్టల్లో బోర్లు వేసి, కింద ఏ ఖనిజముందో వెతకడం మా పని. ఏళ్లు వెతగ్గా వెతగ్గా రాగి జాడ తగిలింది. బోరులోంచి పైకొచ్చిన, పచ్చటి చారలున్న ఆ మొదటి రాతి కడ్డీకి మా డ్రిల్లర్ యాదన్న కుంకుమ బొట్టు పెట్టి, షెడ్డులో వీరభద్రుడి పటం కింద ఉంచాడు.

వెంటనే ఓ పెద్ద గనుల కంపెనీకి మా మీద జాలి కలిగింది. వాళ్ల ఆఫీసరు వచ్చి, ఆ రాయిని అటూ ఇటూ తిప్పి, "ఇది కంకరకు కూడా పనికిరాదండీ" అని పెదవి విరిచాడు. ఎంత నిజాయితీ! కంకరకు కూడా పనికిరాని రాయి కోసం పటాన్‌చెరు దుమ్ములో పదే పదే వచ్చాడంటే, అది ప్రేమ కాక మరేమిటి?

ఆ తర్వాత అప్పు ఇస్తానన్న బ్యాంకు ఎందుకో మాట మార్చింది. సర్కారు ఆఫీసులో గని లీజు ఫైలు ఎందుకో కదలడం మానేసింది. లారీలో డీజిల్ అయిపోయిన రోజే ఆ ఆఫీసరు ఫోన్ చేసి క్షేమం అడిగాడు. ఆత్మీయులకు ఇలాంటివి ఇట్టే తెలిసిపోతాయి!

కంపెనీని వాళ్లకు రాసిచ్చే ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఒక్కటే అడిగాను, నా మనుషులను వదలొద్దని. "మీవాళ్లంటే మావాళ్లే కదండీ!" అన్నాడు. సొంతవాళ్ల దగ్గర మొహమాటమెందుకని, నెల తిరక్కముందే అందరినీ ఇళ్లకు పంపేశారు.

రాయికి మాత్రం మహర్దశ పట్టింది. హైదరాబాదులో వాళ్ల హెడ్డాఫీసులో, అద్దాల పెట్టెలో, లైటు కింద కూర్చుంది. పక్కన 'మా తొలి రాగి' అని ఇత్తడి అక్షరాలు. మళ్లీ పని ఇప్పించమని నాతో వచ్చిన యాదన్న దాన్ని చూసి ఆగిపోయాడు.

"సారూ, గిది మన రాయే! సూడుండ్రి, నేను పెట్టిన బొట్టు ఇంకా పోలే!" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దు. బయటివాళ్లకు పర్మిషన్ లేదు" అన్నాడు గార్డు.

యాదన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "కంకరకు గూడ పనికిరాదన్నడు గద సారూ?" అని నన్నే అడిగాడు. పని మాట ఎవరూ ఎత్తలేదు. ఇద్దరం బస్సెక్కి వచ్చేశాం.

ఇంత మేలు చేసిన కంపెనీని పొగడకుండా ఎలా ఉంటాను? వాళ్ల గురించి మంచి తప్ప మరో మాట అనకూడదని ఒప్పందంలో షరతు కూడా ఉంది. మీరే చెప్పండి, ఒక్క మాటైనా అన్నానా?

యాదన్న మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు ముత్తంగి చౌరస్తాలో టీ బండి పెట్టుకున్నాడు. ఒకసారి వెళ్లి, ఆ కంపెనీ ఎలాంటిదని అడగండి.