సంతకం కుదరలేదు

"లోకంలో నేరస్తులు రెండే రకాలక్కా! నాకు దొరికినవాళ్ళు, దొరకబోయేవాళ్ళు!" అంటూ తమ్ముడు సర్వర్ గదిలోకి అడుగుపెట్టి, గడప తగిలి ముందుకు తూలాడు. ఇంట్లో అందరూ అతన్ని డిటెక్టివ్ అంటారు. ఆ పేరు పెట్టుకున్నది కూడా అతనే.

అక్క తలెత్తలేదు. రక్తపరీక్షల ల్యాబులో లినక్స్ కంప్యూటర్లన్నీ ఆమె చూసుకుంటుంది. అవి ఈ గదిలోని సర్వర్ నుంచే అప్‌డేట్లు తెచ్చుకుంటాయి. వచ్చిన ప్రతి అప్‌డేట్ ప్యాకేజీ మీద తయారుచేసినవాళ్ళ డిజిటల్ సంతకం సరిపోతేనే లోపలికి రానిస్తాయి. పొద్దున్నుంచీ దేన్నీ రానివ్వడం లేదు. ఏ తెర చూసినా ఒకటే పాట: "సంతకం కుదరలేదు."

"మధ్యాహ్నంలోగా పని కాకపోతే ఆ సంతకాల తనిఖీ తీసిపారెయ్. నీవల్ల కాదంటే తీసేవాళ్ళనే పెట్టుకుంటాను," అని ల్యాబు యజమాని డాక్టరుగారు తేల్చేశారు. తాళం తీసేస్తే ఎవడైనా దూరతాడని ఆమె ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కలేదు. తనిఖీ తీయడానికి మనసొప్పడం లేదు, తీయకపోతే ఉద్యోగం ఉండదు.

"అంతర్జాతీయ కుట్ర!" తమ్ముడు భూతద్దం తీశాడు. "కీబోర్డు మీద ఈ పొడి చూశావా? విషం!"

"బిస్కెట్ పొడి. నిన్న నువ్వే ఇక్కడ కూర్చుని తిన్నావు."

"శత్రువు మనల్ని దారి మళ్ళిస్తున్నాడు," అని గొణుక్కుంటూ అతను బల్ల కిందికి దూరాడు. కాలికేదో తీగ చుట్టుకుంది. విదిలించబోయి బోర్లా పడ్డాడు, తీగ ఊడి చేతికొచ్చింది.

ఆ మరుక్షణం తెరల మీద అప్‌డేట్లు చకచకా పరుగెత్తాయి. అక్క తీగ రెండో కొస పట్టుకుని వెళ్తే, అట్టపెట్టెల వెనక ఒక లాప్‌టాప్ కనిపించింది.

"ఇదెవరిదిరా?"

"నాదే. నిన్న వెళ్తూ అమర్చాను, దొంగలకి ఎర! దానికి మన సర్వర్ చిరునామానే ఇచ్చి, నేను తయారుచేసిన ఉత్తుత్తి ప్యాకేజీలు పెట్టాను."

"ఒరేయ్! పొద్దున్నుంచీ కంప్యూటర్లన్నీ నీ దగ్గరికే వచ్చి, నీ సరుకు మీద సరైన సంతకం లేదని ఛీకొట్టాయిరా!"

గుమ్మంలో డాక్టరుగారు నిలబడి ఉన్నారు. అంతా విన్నట్టున్నారు, మొహం పాలిపోయింది.

"అంటే... నా మాట విని తనిఖీ తీసేసి ఉంటే?"

"వీడి చెత్తంతా మన కంప్యూటర్లలోకి ఎక్కేదండీ. రోగుల రిపోర్టులు ఏమైపోయేవో."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఆ తనిఖీని ముట్టుకోకమ్మా. మళ్ళీ నేనే వచ్చి చెప్పినా తీయకు."

అక్కకు ప్రాణం లేచొచ్చింది. తమ్ముణ్ణి తన్నాలో దగ్గరికి తీసుకోవాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

అతను మోకాళ్ళ దుమ్ము దులుపుకుని మీసం మీద చెయ్యివేశాడు. "చూశారా డాక్టరుగారూ! నేరస్తుడు నేరం జరిగిన చోటికి తిరిగొచ్చి తీరతాడు!"

"వచ్చాడుగా," అంది అక్క, లాప్‌టాప్ అతని చేతిలో పెడుతూ. "ఇక ఇంటికి వెళ్ళమను."