గోధుమ పడని మొగుడు

నవ్వండి, నవ్వండి. పలావు చల్లారకముందే నవ్వేయండి. విమానాశ్రయంలో మా ఆవిడ వెనకాల పూల బొమ్మల సంచి మోసుకుంటూ కనబడ్డానని తాష్కెంట్ అంతా చాటింపు వేసింది మీరే కదా. అది నా భుజానికి ఎలా ఎక్కిందో కూడా నా నోటే వినండి.

దీనికంతటికీ మూలం ఇదిగో, పళ్ళెంలో మాంసం ముక్కలన్నీ తన వైపు లాక్కుంటున్న ఈ సదీర్. వీధిలో వీడిని సర్వజ్ఞుడు సదీర్ అని ఊరికే అనరు. వీడికి తెలియనిదంటూ లేదు, వీడి సలహా విని బాగుపడ్డవాడూ లేడు.

మా బావమరిది కొడుకు పెళ్ళికి న్యూయార్క్ వెళ్ళాలి. సగం రోజుకు పైగా గాల్లోనే ఉండాలి. నాకు విమానమంటే భయం లేదు, భోజనాల బండి అంటేనే భయం. నేనెక్కడ కూర్చున్నా బండి అక్కడికి చివరగా వస్తుంది. వచ్చి, "చేప ఒక్కటే మిగిలిందండీ" అంటుంది. చుట్టూ ఎటు చూసినా సముద్రం లేని దేశంలో పుట్టినవాడిని, నాకు చేపేమిటి?

దీనికి మా ఆవిడ బర్చినాయ్ ఎప్పుడో విరుగుడు కనిపెట్టింది. పెద్ద పూల సంచి. అందులో తందూరు రొట్టెలు, సమోసాల్లాంటి మాంసం సంసాలు, ఉడికించిన గుడ్లు, గుర్రం మాంసం ముక్కలు. కిందటిసారి సంసాలోని కొవ్వు కారి పక్క సీటాయన కోటు మీద పడింది. ఆయన ఇస్తాంబుల్ దాకా తన కోటు చేతిని తనే వాసన చూసుకుంటూ కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పుడు సర్వజ్ఞుడు చెవిలో ఊదాడు. "టికెట్ కొనేటప్పుడు గ్లూటెన్ పడదని రాయించు. అలాంటివాళ్ళకి అందరికన్నా ముందు వడ్డిస్తారు."

"గ్లూటెన్ అంటే?"

"గోధుమలో ఉండేదిలే."

"మూడు పూటలా రొట్టె తినేవాడిని, గోధుమ పడదని చెప్పనా?"

"నీ పొట్ట కోసి చూస్తారా ఏమిటి?"

నిజమే కదా అనిపించింది. రాయించేశాను. ఇంటికొచ్చి మీసం దువ్వుకుంటూ ప్రకటించాను. "బర్చినాయ్! ఈసారి నాకు మంత్రిగారి మర్యాద. నా పళ్ళెం అందరికన్నా ముందు వస్తుంది. నేను కడుపు నిండా తిన్నానంటే ఇక జన్మలో నువ్వు ఆ సంచి తేకూడదు."

"తినలేకపోతే?"

"జన్మంతా ఆ సంచి నేనే మోస్తాను."

"మధ్యలో నా సంచిలో చెయ్యి పెడతారేమో?"

"దాని మొహం కూడా చూడను!"

"సరేనండీ," అంది.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ఒక్క మాటతో సరే అనడం అదే మొదలు. బుర్ర ఉన్నవాడైతే అక్కడే టికెట్ రద్దు చేసుకునేవాడు.

బయల్దేరేటప్పుడు మా అత్తగారు గడపలో రొట్టె పట్టుకుని నిలబడ్డారు. కొరికి వెళ్ళినవాడు క్షేమంగా తిరిగొస్తాడని మా ఆనవాయితీ, కొరికాను. తిరిగొచ్చి మిగతాది నేనే పూర్తి చెయ్యాలి కాబట్టి, దాన్ని తీసుకెళ్ళి గోడకు వేలాడదీశారు.

విమానం పైకి లేచిందో లేదో, నోజిమా అనే ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి పళ్ళెం పట్టుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. "ఎర్గష్ బాబాయ్‌గారు మీరేనా? గ్లూటెన్ లేని భోజనం."

అందరూ తలలు తిప్పి చూశారు. నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి మబ్బుల్ని చూస్తోంది.

మూత తీశాను. ఉప్పు మొహమెరగని కోడి ముక్క. నీళ్ళలో ఉడికిన బంగాళాదుంప. అట్టముక్క లాంటి బియ్యపు బిళ్ళ. పక్కన ఒక క్యారెట్, అదీ అనారోగ్యంగానే ఉంది.

నేను ఆ బిళ్ళతో కుస్తీ పడుతుండగానే బండి వచ్చింది. గోధుమ పిండిలో మాంసం కూరి ఆవిరి మీద ఉడికించిన మంతీలు, పైన పెరుగు, పక్కన వేడి రొట్టె. చివరి వరుస దాకా అందరికీ సరిపోయాయి. ఆ రోజు చేప ఊసే లేదు.

"అమ్మాయ్, ఒక రొట్టె ఇలా పడెయ్," అన్నాను మెల్లగా.

"అయ్యో, మీకా బాబాయ్!" అంది గట్టిగా. "మీ రోగం సంగతి పిన్నిగారు ఎక్కేటప్పుడే చెప్పారు."

"ఏం చెప్పావే?" అన్నాను పళ్ళు కొరుకుతూ. కొరకడానికి ఇంకేం లేదు మరి.

బర్చినాయ్ గడ్డం మీది మంతీ రసం తుడుచుకుంది. "ఉన్నదే చెప్పానండీ. మీరు ఇల్లు చేరకముందే టికెట్లమ్మాయి ఫోన్ చేసి, ఆ భోజనం ఇద్దరికా ఒక్కరికా అని అడిగింది. నాకు గుండె ఆగినంత పనైంది. కట్టుకున్నదాని దగ్గర కూడా దాచుకున్నారంటే ఎంత పెద్ద రోగమో! అందుకే ఈ పిల్లకి చెప్పా. రవ్వంత గోధుమ తగిలినా ప్రాణం మీదికొస్తుంది, కానీ పాపం నాలుక ఆగదు, బతిమాలతారు, రోగమే లేదని ఒట్లు కూడా పెడతారు, నమ్మకమ్మా అని."

నడవకు అవతల మార్గిలాన్ నుంచి వచ్చిన మమసోలీ తాత ఇదంతా విన్నాడు. "ఎంత కష్టం వచ్చింది నాయనా!" అని అరచేతులు చాచి దువా చేశాడు. వరుస వరుసంతా చేసింది. ఒకాయన గాడిద పాలు తాగమన్నాడు. ఒకావిడ నన్ను చూసి ముక్కు చీదుకుంది. మా ఆవిడ అందరికీ వినయంగా తలూపింది.

ఇంకాసేపటికి సంచి జిప్పు తెరిచింది. ఉల్లిపాయ, జీలకర్ర, మాంసం కలిసిన ఆ వాసన నా సీటు చుట్టూ తిరిగింది. సంసాలు చేతులు మారుతున్నాయి. కిందటిసారి కోటు పాడైందని ఏడ్చినవాడు ఒకడైతే, ఈసారి కోట్లు విప్పి మరీ తిన్నారు.

"మొహం కూడా చూడనన్నారుగా, అటు తిరగండి," అంది.

అంతలో తాతకు ఒక సందేహం వచ్చింది. "ఇంతకీ నాయనా, గోధుమ పడనివాడివి, బయల్దేరేటప్పుడు రొట్టె కొరికావా?"

కొరికానంటే రోగం అబద్ధమైపోతుంది. కొరకలేదంటే? ఆకలి మీదున్నవాడి బుర్ర గుర్రంలా పరిగెత్తుతుంది. కొరకలేదంటే ఇప్పుడు కొరికిస్తారు!

"ఎలా కొరుకుతాను తాతా?" అన్నాను దీనంగా. "కొరకలేదు."

నమలడాలు ఆగిపోయాయి. ముందు వరుసలో ఒకాయన సీటు బెల్టు బిగించుకున్నాడు.

"రొట్టె కొరక్కుండా ఇల్లు దాటావా!" తాత లేచి నిలబడ్డాడు. "నువ్వు తిరిగి ఇల్లు చేరొద్దూ? నీ ఒక్కడి గొడవ కాదయ్యా ఇది, నీతోపాటు మేమూ గాల్లో ఉన్నాం!" అంటూ సంచిలోంచి నువ్వులద్దిన రొట్టె తీసి నా నోటి ముందు పెట్టాడు. నేను నోరు తెరిచాను.

నోజిమా ఒక్క దూకు దూకింది. "వద్దు తాతా! ప్రాణం పోతుంది!"

"కొరక్కపోతే అందరి ప్రాణాలూ పోతాయి!"

రొట్టె అటూ ఇటూ ఊగుతోంది. దాంతోపాటు నా నోరూ ఊగుతోంది. గడపలో నేను కొరకడం కళ్ళారా చూసిన మా ఆవిడ, పెదవి విప్పితే ఒట్టు. చివరికి టీ గుక్క మింగి, "తాతా," అంది, "రోగిష్టి మొగుడి తరఫున పెళ్ళాం కొరికితే చెల్లదా?"

తాత గడ్డం నిమిరాడు. "చెల్లుతుంది తల్లీ."

కొరికింది. నా కోసమే కొరికింది. ఒక్క కొరుకుతో నాకు రక్ష చాలదేమోనని సగం రొట్టె నా కళ్ళముందే పూర్తి చేసింది. "ఇలాంటి ఇల్లాలు దొరకడం నీ అదృష్టం," అన్నాడు తాత కళ్ళు ఒత్తుకుంటూ.

న్యూయార్క్‌లో దిగగానే సంచి నా భుజానికెక్కింది. పెళ్ళిలో సిగ్గు విడిచి తిన్నాను. పందెం ఓడితే ఓడాను, తిరుగు ప్రయాణంలో మంతీలైనా దక్కుతాయని సరిపెట్టుకున్నాను.

తిరుగు విమానంలో ఇంకో అమ్మాయి అందరికన్నా ముందు నా దగ్గరికే వచ్చింది. చేతిలో అదే మూత.

"రానూ పోనూ రాయించానండీ," అంది మా ఆవిడ. "రోగం ఒకవైపే ఉంటుందా?"

పెళ్ళివారి తిండితో నిండిన సంచి నా ఒళ్ళోనే ఉంది. చెయ్యి పెట్టనని మాటిచ్చింది నేనే.

ఇల్లు చేరేసరికి పలకరించడానికి చుట్టుపక్కలవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నాకెవరూ కనబడలేదు. గోడ మీది రొట్టె ఒక్కటే కనబడింది. అందుకోబోతుంటే అత్తగారు అడ్డంపడ్డారు.

"ఆగు అల్లుడూ! నీ రోగం సంగతి అమ్మాయి ఫోన్లో చెప్పింది. తెలియక కొరికించాను, పాపిష్టిదాన్ని. దీన్ని పిచ్చుకలకు వేసేస్తాను."

చేతులు జోడించేశాను. "అత్తయ్యా, నాకే రోగమూ లేదు! ముందు వడ్డిస్తారని అబద్ధమాడాను!"

"చివర కూర్చున్నవాళ్ళకి వినబడలేదండీ," అంది బర్చినాయ్.

ఇంకోసారి చెప్పాను, గట్టిగా.

అప్పుడు ఆవిడే ఆ రొట్టె దించింది. రాయిలా ఎండిపోయింది. టీలో ముంచి, మెత్తబడేదాకా పట్టుకుని, నా చేతిలో పెట్టింది. ఒట్టు, అంత రుచైన తిండి నా జన్మలో తినలేదు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. తలెత్తి చూస్తే, బల్ల చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఇంకా చెయ్యి పెట్టలేదు.

"చూశారా," అంది, "అందరికన్నా ముందు మీకే వడ్డించాను."