అంతా క్షేమమనే ఎక్స్‌టెన్షన్

ఒక పెద్ద అడవిలో చెట్లు లెక్కలేనన్ని, కంప్యూటరు మాత్రం ఒక్కటే. లినక్స్ కంప్యూటరు. అడవి సభ ఆఫీసులో ఉండేది. పాముకి పాము లాగిన్, పావురానికి పావురం లాగిన్, ఎవరిది వాళ్ళకే.

ముళ్ళపంది నాంచారమ్మ కలుగు చెరువు గట్టు కింద. లోపల ఇద్దరు పసిపిల్లలు. ఈ ఏడు గట్టు నెర్రెలిచ్చింది. వాన ముదిరితే పిల్లలు కలుగులోనే మునిగిపోతారని ఆమె దిగులు. గట్లు బాగుచేయించేది కొండమీది ఆఫీసు. వాళ్ళకి చెప్పుకోవాలంటే కంప్యూటరులో ఫిర్యాదు పేజీ ఒక్కటే దారి.

అప్పటికే కోతులూ కుందేళ్ళూ ఏవేవో రాస్తే, కొండమీది వాళ్ళు సభాపతిని సంజాయిషీ అడిగారు. సభాపతి ఏనుగు పెద్దిరాజు గారికి నామోషీ అయింది. కంప్యూటరు చూసే తొండ వీరభద్రాన్ని పిలిచారు. వీరభద్రం ఏపాటి చదివాడో ఎవరికీ తెలీదు గాని, తల మాత్రం చక్కగా ఊపేవాడు.

"ఫిర్యాదులు లేకుండా చెయ్యి."

"గట్టు బాగుచేయించమంటారాండి?"

"ఫిర్యాదులు లేకుండా చెయ్యమన్నాను."

వీరభద్రం తల ఊపి, బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాం, ఎక్స్‌టెన్షన్ ఒకటి పట్టుకొచ్చాడు. ఫిర్యాదు పేజీ తెరిస్తే చాలు, దాన్ని కప్పేసి పచ్చటి ఆకు మీద 'అంతా క్షేమం' అని చూపిస్తుంది. ఒక్కొక్కరి లాగిన్‌లో పెడితే ఎవరిది వాళ్ళు పీకేస్తారు. అందుకని కంప్యూటరు మొత్తం మీద పెత్తనమిచ్చే పెద్ద పాస్‌వర్డ్ కొట్టి, ఎవరు లాగిన్ అయినా తగులుకునే చోట పెట్టాడు.

"అందరికీనా అండి?" అని అడిగాడు.

"అందరికీ. రూలంటే రూలే."

ఇంకెవరూ దాన్ని తీయకుండా పెద్ద పాస్‌వర్డ్ కూడా మార్చేశాడు, పొడుగ్గా, చిక్కుగా.

మర్నాడు నాంచారమ్మ వచ్చి పేజీ తెరిస్తే పచ్చాకు. తీసేయబోతే, 'దీన్ని సభ ఆఫీసు వారు పెట్టారు, మీరు తీయలేరు' అంది కంప్యూటరు.

"క్షేమమని కంప్యూటరే చెబుతుంటే నీకు అనుమానం దేనికమ్మా?" అన్నాడు వీరభద్రం.

"కంప్యూటరు గట్టు కింద కాపురం లేదు కదా బాబూ," అని గొణుక్కుంటూ ఆమె ఇంటికెళ్ళి, పిల్లల్ని తోలుకుని కొండవాలుకి మారిపోయింది.

ఒక్క ఫిర్యాదూ లేని అడవి అని సభ పెట్టి పెద్దిరాజు గారికి దండలేశారు. దండలు వాడిపోకముందే వాన ముదిరి గట్టు తెగింది. నాంచారమ్మ కలుగు పోయింది. దాంతోపాటే గట్టు దిగువనున్న పెద్దిరాజు గారి అరటితోటా, కొత్తిల్లూ పోయాయి.

ఆయన బురదకాళ్ళతో పరుగున వచ్చి ఫిర్యాదు పేజీ తెరిచారు. పచ్చాకు, అంతా క్షేమం.

"తియ్యి దీన్ని," అన్నారు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వీరభద్రం తల అడ్డంగా ఊగింది. పాస్‌వర్డ్ మరిచిపోయాడట. కొత్తది కావాలంటే కొండమీదికి రాసుకోవాలట.

"రాయి మరి."

"ఫిర్యాదు పేజీలోనే రాయాలండి."

గుమ్మంలో పిల్లలతో నిలబడ్డ నాంచారమ్మ కంప్యూటరు వంకా, ఆయన బురదకాళ్ళ వంకా చూసి నెమ్మదిగా అంది. "పోన్లెండి అయ్యగారూ, తమరు క్షేమమేనని అందులో రాసుందిగా."

ఇందులో నీతి ఏమిటంటే, అందరికీ ఒకే రూలు పెట్టేటప్పుడు ఆ అందరిలోంచి ముందు మనల్ని తీసేసుకోవాలి.