జనరేటర్ గది వెనక వాల్వు

విజయనగరంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఏసీ మెకానిక్ పైడిరాజును వేసవి మొదట్లో గ్యాస్ సిలిండరుగా గుర్తించారు. మిషన్ విప్పే ముందు అందులోని గ్యాస్‌ను గాల్లోకి వదలకూడదు, సిలిండర్లోకి లాగి భద్రపరచాలి. సిలిండర్లు రాలేదు. పైడిరాజు మాత్రం రోజూ వేళకు వచ్చేవాడు. అందుచేత గొట్టం అతని నోటికి పెట్టారు.

పని చక్కగానే సాగింది. ఎండ తగలకుండా అతన్ని నీడలో ఉంచేవారు. సిలిండరు నిలువుగానే ఉండాలి గనక పడుకోనిచ్చేవారు కారు. వేడికి గ్యాస్ ఉబ్బుతుందని, రోజూ తూకం వేసి, పైన కొంత ఖాళీ వదిలి నింపేవారు. అతని ఒంటికి మంచు పట్టేది. భార్య నూకరత్నం తువ్వాలుతో తుడిచి, గొడుగు పట్టి ఆఫీసు దాకా దింపి వెళ్లేది. ఇంట్లో పిల్లలు పాలు విరక్కుండా గిన్నె తెచ్చి చల్లటి నాన్న పక్కన పెట్టడం నేర్చుకున్నారు.

తనిఖీ అధికారి వచ్చి, ఒత్తిడి పెరిగితే తగ్గించే రక్షణ వాల్వు ఏదని అడిగాడు. అరిస్తే తనకు తేలికపడుతుందని పైడిరాజు చెప్పాడు. అధికారి అరిపించి చూశాడు. గ్యాస్ బయటికి రాలేదు, ఒత్తిడి మాత్రం దిగింది. తృప్తిపడి సంతకం పెట్టాడు.

మే నెలలో సమావేశ మందిరంలోని పెద్ద మిషన్ పాడైంది. దాని గ్యాస్ కూడా పైడిరాజులోకే ఎక్కించమన్నాడు ఇంజనీరు భుజంగరావు. సమావేశాల వేళ అరుపులు మర్యాద కాదని, ఇకపై అరవొద్దని కూడా ఆదేశించాడు. పైడిరాజు పళ్లు బిగబట్టాడు. సాయంత్రానికి చొక్కా గుండీలు తెగి ఎగిరిపడ్డాయి. ఆ రాత్రి పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు.

మర్నాడు నూకరత్నం నేరుగా ఇంజనీరు గదిలోకి వెళ్లింది.

"మా ఆయన్ని సిలిండరన్నారు, సరేనన్నాను. సిలిండరికైనా వాల్వుండాలి గదా బాబూ. అది మూసేస్తే పేలిపోడా మనిషి?"

భుజంగరావు నిబంధనలు తిరగేశాడు. ఆమె మాట నిజమే. కానీ ఆ వాల్వు మందిరం పక్కనే ఉండాలని ఎక్కడా లేదు, సిలిండరుదే అయివుండాలనీ లేదు.

"అతని బదులు నువ్వు అరుస్తావా అమ్మా? జనరేటర్ గది వెనక?"

"అరుస్తాను. నేను చాలన్నప్పుడు గ్యాస్ ఆపాలి మరి."

ఆయన ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి ఆమె భర్త చెయ్యి పట్టుకుని జనరేటర్ గది వెనక అరిచేది. అతని భుజాలు దిగేవి. చాలనగానే గొట్టం తీసేవారు. పెద్ద మిషన్‌లో మిగిలిన గ్యాస్, సిలిండర్లు వచ్చేదాకా అందులోనే ఉండిపోయింది.

కొన్నాళ్లకు సెలవు దొరకని టైపిస్టు వచ్చి చెయ్యి చాపింది. తర్వాత డ్రైవర్లు, గుమస్తాలు వచ్చారు. నూకరత్నం ఎవరినీ కారణం అడగలేదు. ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని అరిచేది. కార్యాలయం మునుపటికన్నా ప్రశాంతంగా ఉందని పైవారు మెచ్చుకున్నారు.

ఆ మెప్పు అందిన మధ్యాహ్నం భుజంగరావు కూడా వచ్చి వరసలో నిలబడ్డాడు. తన వంతు రాగానే చెయ్యి చాపాడు. నూకరత్నం చాలాసేపు అరిచింది. ఆయన రుమాలుతో ముఖం తుడుచుకుని, రేపు కూడా రావచ్చా అని మెల్లగా అడిగాడు.