అంబదాస్ లెన్సు, పద్మారాణి ముక్కుపుడక

లాక్‌డౌన్‌లో బట్టనేసే సాంచాలన్నీ, ఆ మరమగ్గాలన్నీ ఆగి డిండోలి పేట మూగబోయిన ఒక పొద్దున, చాయ్ తాగుతూ నరహరి గట్టి నిర్ణయానికొచ్చాడు. ఆ రోజు పెళ్లిరోజు. పెళ్లినాడు నరహరి వాళ్ల నాయన ఫిల్ము కెమెరాతో తీసిన రీలు వానలో తడిసి పాడైంది. అప్పటినుంచీ భార్య పద్మారాణికి ఒకటే కోరిక, గోడకు తగిలించుకునే ఫొటో ఒక్కటి. ఫోన్‌తో తీస్తానంటే వినదు.

"ఫోన్ల ఫొటో ఫోన్‌తోనే పోతది. మామ కెమెరాతోనే తియ్యి," అంటుంది.

కెమెరా ఉంది, దాచిన రీలూ ఉంది గానీ లెన్సుకు బూజు పట్టింది. పక్కింటి అంబదాస్ తన పాత లెన్సొకటి తెచ్చిచ్చాడు. అదీ మర తిప్పి బిగించేదే. తీరా చూస్తే కెమెరా నోరు వెడల్పు, లెన్సు మెడ సన్నం!

వదులైన నట్టుకు నూలు చుట్టి బిగించడం సాంచాల మీద బతికినవాడికి చెప్పాలా? నరహరి చుట్టాడు. ఇంకా చుట్టాడు. లెన్సు కాస్త బయటికే ఉండిపోయినా గట్టిగా కూర్చుంది. ఎక్కడి కెమెరా, ఎక్కడి లెన్సు! రెండింటికీ తన నూలుతో ముడిపడిందని తెగ మురిసిపోయాడు.

పద్మారాణి పట్టుచీర కట్టుకుని వరండాలో కూర్చుంది. నరహరి కళ్లద్దాలు తీసి జేబులో వేసుకుని, కెమెరాకు కన్ను ఆనించాడు. అంతా పొగ! చీర రంగుంది, మనిషి లేదు. వెనక్కి జరిగితే ఇంకా అధ్వానం. హడలిపోయి కెమెరా దించాడు. బయట కూడా మసకే. జేబు సంగతి అప్పుడు గుర్తొస్తే ఈ కథే లేదు.

"పద్మా! నా కండ్లు పోయినయే!"

గోడవతల అంబదాస్ ఆ మాట విన్నాడు. "కరోనా కండ్లకెక్కిందిరో!" అని కేకేశాడు. ఇంకేముంది, గల్లీ తలుపులన్నీ మూతపడ్డాయి, ఎవరో వీధికి అడ్డంగా బొంగులు కట్టారు, ఇంకెవరో ఆసుపత్రికి ఫోన్ చేశారు. కాసేపటికి తెల్లటి తొడుగుల్లో ఇద్దరు దిగారు.

"చలో భాయ్, క్వారంటైన్!"

"జర ఆగుండ్రి సాబ్! ఒక్క ఫొటో తీసి వస్త," అని నరహరి కెమెరాను మళ్లీ కంటికి ఆనించుకున్నాడు. ఇప్పుడు తీయకపోతే మళ్లీ తీసే రాత ఉందో లేదోనని అతని భయం.

పద్మారాణికి ఒళ్లు మండింది. నేరుగా వచ్చి లెన్సు మీదికే వంగింది. "ఏం మనిషివయ్యా! జేబుల కండ్లద్దాలు పెట్టుకొని గల్లీని ఆగం చేస్తివి!"

పొగ విడిపోయింది. బయటికి జరిగిన ఆ లెన్సు దూరాన్ని చూడలేదు గానీ, దగ్గరున్నదాన్ని మాత్రం ఎంత బాగా చూసిందని! ముక్కుపుడకలో ఆకాశం. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా. కంటి పక్కన సన్నటి ముడతలు, పెదవి మీద చెమట చుక్క. ఇన్నేళ్లు ఈ ముఖం ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు గానీ ఇంత అందం ఉందని తెలియదు. వేలు దానంతటదే మీట నొక్కింది.

తెల్లతొడుగులవాళ్లు తిట్టిపోసి వెళ్లారు. స్టూడియోలు తెరిచాక ఫొటో వచ్చింది. ఒక కన్ను, ముక్కుపుడక, తెరిచిన నోరు, అంతే. పద్మారాణి దాన్ని చాలాసేపు చూసింది, కొంగుతో కళ్లొత్తుకుంది, తనే మేకు కొట్టి తగిలించింది.

"మంచిగనే వచ్చిన," అంది. "గని తిట్లు తినే మనిషే ఇందుల పడలే."