ఎమ్రప్ప పనిచేయని రోజు

ఆ మంగళవారం దేవేంద్ర పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదింటికి పుంగనూరు దగ్గరి టమోటా గుజ్జు ఫ్యాక్టరీకి పోయి హాజరు పుస్తకం చూడాలి. పదిన్నరకు కారెక్కి మదనపల్లెలో తోడల్లుడు దొరస్వామి గృహప్రవేశంలో భోజనం చేయాలి. మూడింటికల్లా తిరిగొచ్చి తన ఆఫీసు మేనేజరు కుర్చీలో కూర్చుని, తిన్నది అరిగించుకోవాలి. ముప్పై రెండేళ్లు బస్సు కండక్టరుగా నిలబడే బతికి రిటైరైన మనిషి కాబట్టి, కుర్చీ అంటే అతనికి పెళ్లాం కంటే ఒక పిసరు ఎక్కువ గౌరవం.

హాజరు పుస్తకం కోసం బీరువా తీస్తే ఆ పుస్తకం కింద ‘విదేశీయులు’ అని రాసిన ఫైలు కనబడింది. అందులో ఉన్న విదేశీయులంతా కలిపి ఒక్కరే. పేరు ఎమ్రే, ఊరు టర్కీలో ఎక్కడో. గుజ్జు తీసే పెద్ద మిషను మెకానిక్కు. ఆ మిషను జిల్లా మొత్తం మీద అతనొక్కడి మాటే వింటుంది. రెండేళ్లుగా కాయలు ఏరే పాపక్క దగ్గర తెలుగు నేర్చుకున్నాడు గనక, కళ్లు మూసుకుని వింటే టర్కీ మనిషని ఎవరూ చెప్పలేరు. కూలీలు అతన్ని ఎమ్రప్ప అనేవాళ్లు.

దేవేంద్ర ఫైల్లోని కాగితం చూశాడు. ఎమ్రే ఇక్కడ పనిచేయడానికిచ్చిన పర్మిట్ గడువు నిన్నటితో ముగిసింది. పొడిగించమని నెల కిందటే అర్జీ పెట్టారు, పర్మిట్ మాత్రం ఇంకా రాలేదు. కండక్టరు లెక్కలో ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు. నిన్నటితో అయిపోయిన పాసు పట్టుకుని ఈరోజు బస్సులో కూర్చున్నవాణ్ణి దించేయాలి. దించకపోతే చెకింగ్ వాళ్లు కండక్టర్నే దించుతారు.

అతను మిషను దగ్గరికి పరుగెత్తాడు. తన పెళ్లిలో తప్ప అంత వేగంగా ఎప్పుడూ కదల్లేదు.

“ఎమ్రప్పా! ఆ స్పానర్ కింద పెట్టు!”

“యాల దేవేంద్రప్పా? బెల్టు లూజుగా ఉండాది.”

“ఉండనీ! నీ పర్మిట్ అయిపోయింది. పని సేసినావంటే ఇద్దరమూ జైలుకి పోతాము.”

“అది కాదప్పా, నాకొక కాయితం...” అంటూ ఎమ్రే జేబులోంచి ఫోను తీయబోయాడు.

“ఫోను కూడా తీయొద్దు! అదీ పని కిందికే వస్తాది.”

కాయలు ఏరుతున్న పాపక్క తలెత్తింది. “ఆయప్ప లేకుంటే మిషను నిలిచిపోతాది సారూ. బయట పద్నాలుగు లారీలు ఉండాయి. మాపటికి కాయంతా రసమై కారిపోతాది.”

ఆ సంగతి దేవేంద్రకు తెలియకపోలేదు. సీజన్లో మిషను ఒక్క పూట ఆగినా నీ కుర్చీ నువ్వే మోసుకుని ఇంటికి పోవాలని యజమాని సురేంద్ర పోయిన వారమే చెప్పాడు. ఆపితే ఉద్యోగం పోతుంది, ఆపకపోతే జైలు వస్తుంది. రెండింటినీ తూచుతూ ఉండగా వాచ్‌మన్ గోవిందప్ప ఆయాసపడుతూ వచ్చాడు.

“సార్, గేటుకాడ జీపు వచ్చిండాది. నలుగురు దిగినారు. లోపలంతా సూడాల అంటాండారు.”

దేవేంద్ర ఇంకేమీ అడగలేదు. ఎమ్రే చెయ్యి పట్టుకుని వెనక గేటు గుండా కారు దగ్గరికి లాక్కుపోయాడు. మదనపల్లె చేరేదాకా అతన్ని వెనక సీట్లో పడుకోబెట్టి, మీద రెండు ఖాళీ టమోటా క్రేట్లు పెట్టాడు.

గృహప్రవేశం ఇంటి ముందు దొరస్వామి ఎదురొచ్చాడు. “ఏం దేవేంద్రా, క్రేట్లలో దొరను పెట్టుకొని వచ్చినావు?”

“టూరిస్టు అన్నా. మన భోజనాలు సూసిపోదామని వచ్చినాడు.”

టూరిస్టు భోజనం కంటే ముందు మోటారును చూశాడు. కొత్తింటి బోరు మోటారు తెల్లవారి నుంచి మొరాయించిందనీ, నూటయాభై మందికి చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేవనీ వంటవాళ్లు అరుస్తున్నారు. దేవేంద్ర పీట మీద కూర్చుని మొదటి వడ తుంచేలోగా పెరట్లో నీళ్లు పడిన చప్పుడైంది. పోయి చూస్తే ఎమ్రే మోకాళ్ల దాకా బురదలో ఉన్నాడు.

“పని సేయొద్దని సెప్పినాను కదప్పా!”

“నేను ఊరికే కూర్చోలేను దేవేంద్రప్పా. నాకు జరమొచ్చినట్ల ఉంటాది.”

విషయం అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఊళ్లో ఇల్లు కట్టిన మేస్త్రీకి, వడ్రంగికి, కరెంటు పనివాడికి గృహప్రవేశం రోజున కొత్త బట్టలు పెట్టడం ఆనవాయితీ. దొరస్వామి ఆ వరుస చివర ఎమ్రేను నిలబెట్టాడు. పళ్లెంలో పంచె, కండువా, తాంబూలం పెట్టి మైకులో చెప్పాడు: “మా బోరు మోటారు పని సేసిన ఎమ్రప్పకు బట్టలు పెడతాండాము!” వీడియో తీసేవాడు కెమెరాను ముఖం దాకా తెచ్చాడు.

దేవేంద్ర చేతిలోని వడ జారిపోయింది. పని, కూలి, సాక్షులు, వీడియో. జడ్జి ఒక్కడే తక్కువ. అతను విస్తళ్ల మీదుగా దూకి పళ్లెం లాక్కున్నాడు.

“ఆయప్పకు బట్టలు పెట్టొద్దు! మోటారు ఆయప్ప ముట్టుకోనేలేదు! వీడియో కొట్టేయండి!”

పందిట్లో తింటున్నవాళ్లంతా ఇటు తిరిగారు. దొరస్వామి భార్య రామక్క నెమ్మదిగా ముందుకొచ్చింది. “ఏం దేవేంద్రా, పంచె నీకు కావాలంటే అడగొచ్చు కదా. కొత్త మనిషి దగ్గర పెరుక్కుంటారా?”

“నాకు కాదు వదినా! ఆయప్ప పని సేసినట్ల ఎవురికీ తెలీకూడదు!”

“యాల? యాడ ఏం సేసి వచ్చినాడు?”

ఈ ప్రశ్న వరుసగా నాలుగు భోజనాల బంతులు దాటింది. మొదటి బంతిలో ఎమ్రే ఎవరినో మోసం చేసినవాడు, రెండో బంతిలో బ్యాంకు దోచినవాడు. పాయసం వడ్డించే సమయానికి విమానం దొంగిలించినవాడయ్యాడు. అయినా ఎవరూ భోజనం వదిలి లేవలేదు.

అప్పుడే సురేంద్ర ఫోను. “దేవేంద్రా, మిషను నిలిచిపోయింది. ఎమ్రే యాడ?”

“ఆయప్పకు జరం సార్. రూములో పండుకొని ఉండాడు.”

“అట్లనా. డాక్టర్ను రూముకు పంపిస్తాండాను.”

ఇక మిగిలిన దారి ఒక్కటే. కుప్పం పోయి ఎమ్రేను బెంగుళూరు రైలెక్కిస్తే, అక్కడి పర్మిట్ల ఆఫీసులో అతనే అడిగి తెచ్చుకుంటాడు. రైలులో కూర్చున్న మనిషి పని చేయలేడు కూడా. దేవేంద్ర కారు తీశాడు. దారిలో ఫ్యాక్టరీ ముందు లారీల వరుస కనబడింది. కింది క్రేట్ల నుంచి ఎర్రటి రసం రోడ్డు మీద పడుతోంది.

“దించప్పా, అరగంటలో సరి సేస్తాను. రైతుల కాయ పాడైపోతాంది!”

“తల దించు ముందు!”

“నా ఫోనులో కాయితం ఒకటి ఉండాది, సూడు దేవేంద్రప్పా...”

“బండి నడిపేటప్పుడు కాయితాలు సూడకూడదు. అది రూలు.”

పలమనేరు, శాంతిపురం దాటి మూడుంపావుకు కుప్పం స్టేషన్ చేరారు. దేవేంద్ర టికెట్ వరుసలో నిలబడి, ఎమ్రేను బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చోమన్నాడు. టికెట్ చేతికొచ్చి తిరిగి చూసేసరికి, ప్లాట్‌ఫాం మీద ఒక ముసలావిడ పెట్టె చక్రం బిగిస్తూ ఎమ్రే, అతని వెనక తమ పెట్టెలతో ఇంకో ఆరుగురు.

అప్పుడు ఫ్యాక్టరీలో లెక్కలు రాసే మేఘన ఫోను చేసింది.

“సార్, మీరు యాడ ఉండారు? పక్కన సురేంద్ర సార్ ఉండారు. ఫోను స్పీకర్లో పెట్టినాను.”

“ఆయప్పకు జరం తగ్గలేదమ్మా...”

“జరమొచ్చిన మనిషి పంచె కండువా పళ్లెం పట్టుకొని యాల నగతాండాడు సార్? మీ వదిన రామక్క వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. అందరమూ సూసినాము.”

దేవేంద్రకు అబద్ధాలు అయిపోయాయి. పర్మిట్ కథ మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అవతల కాగితాల చప్పుడు, తర్వాత కంప్యూటరు మీటల చప్పుడు.

“సార్, ఆ ఆఫీసోళ్లు పంపిన రసీదు రెండు పేజీలు. మీరు మొదటి పేజీనే ప్రింటు తీసి ఫైల్లో పెట్టినారు. రెండో పేజీలో ఉండాది: గడువులోపలే అర్జీ పెట్టినాడు గాబట్టి, జవాబు వచ్చేదాకా ఆయప్ప ఇదే ఫ్యాక్టరీలో పని సేసుకోవచ్చంట.”

ఎమ్రే చక్రం పక్కన పెట్టి తన ఫోను చూపించాడు. అదే రెండో పేజీ. “పొద్దున్నించీ ఇదే కదప్పా సెప్తాండాను.”

“మరి ఆ జీపు?” అన్నాడు దేవేంద్ర నీరసంగా.

“దోమల మందు కొట్టేటోళ్లు సార్,” అంది ఫోనులో మేఘన. “ కొట్టి, టీ తాగి పోయినారు.”

తిరిగి ఫ్యాక్టరీ చేరేసరికి ఐదున్నర. ఎమ్రే పదిహేను నిమిషాల్లో బెల్టు బిగించాడు. మిషను కదిలింది. పద్నాలుగు లారీల్లో పన్నెండు దక్కాయి. మిగిలిన రెండూ రోడ్డుకు దక్కాయి. రైతులు ఎమ్రేను భుజాల మీద ఎత్తుకుంటే, ఇంకా బిగించాల్సిన నట్లు ఉన్నాయి దించమన్నాడు.

సురేంద్ర దేవేంద్రను గదిలోకి పిలిచాడు. అరవలేదు. అది ఇంకా భయంగా ఉంది.

“కాయితం లేకుండా ఎవురూ ఈడ పని సేయకూడదని నీకు అంత పట్టింపు ఉండాది కదా. మంచిదే. అందుకే మేఘనతో అందరి తేదీలూ సూపించినాను. సెప్పమ్మా.”

మేఘన గొంతు సవరించుకుంది. “అందరివీ సరిగ్గా ఉండాయి సార్. ఒక్క దేవేంద్ర సార్ కాంట్రాక్టే మార్చి ముప్పై ఒకటితో అయిపోయింది. పొడిగించమని అర్జీ కూడా పెట్టలేదు. నాలుగు నెలల నుంచి ఊరికే వచ్చి పోతాండారు.”

దేవేంద్ర కుర్చీ వైపు చూశాడు. కుర్చీ అతని వైపు చూడలేదు.

“ఎమ్రే గడువులోపల అడిగినాడు, ఆయప్పకు హక్కుండాది,” అన్నాడు సురేంద్ర. “నువ్వు అడగనే లేదు. ఇప్పుడైనా అర్జీ రాసిచ్చి ఇంటికి పో. జవాబు వచ్చినాక రా.”

దేవేంద్ర అక్కడే నిలబడి అర్జీ రాసిచ్చాడు. అది ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. ఫ్యాక్టరీలో అర్జీలు పరిశీలించవలసింది ఆఫీసు మేనేజరు కాబట్టి, ఆ మేనేజరు పనిలోకి వచ్చిన రోజున దానికి జవాబు వస్తుంది.