నాలుగు నానో సెకన్లూ, ఒక ఎర్రగుడ్డా

ఆగడం అనాగరికం. ఈ మాట తొందరపడి అంటున్నానని మీరు అనుకోవచ్చు. తొందరపడే అంటున్నాను. అందులో తప్పేముంది?

మన పెద్దలు ఆగి ఏం సాధించారో చెప్పండి! రేషన్ షాపు ముందు ఆగారు, కిరసనాయిలు వచ్చింది. రైల్వే గేటు దగ్గర ఆగారు, పోర్టు నుంచి గూడ్సు బండి వెళ్లింది. వీళ్లు ఆగకపోయినా అది వెళ్లేదే కదా?

అందుకే ఈ వారం మీకు ఒక మహానుభావుణ్ణి పరిచయం చేస్తున్నాను. పేరు బెన్సన్. వన్ టౌన్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో ఉంటాడు. రుషికొండ మీద ఒక కంపెనీలో ఉద్యోగం. ఎనిమిది నెలలు కష్టపడి ఆయన మానవజాతికి నాలుగు నానో సెకన్లు మిగిల్చాడు.

నానో సెకను అంటే సెకనులో వందకోటో వంతు. నవ్వకండి. మీరు నవ్వడం మొదలుపెట్టి ముగించేలోపు అలాంటివి కొన్ని వందల కోట్లు మట్టిలో కలిసిపోతాయి.

బెన్సన్ పని కెర్నెల్‌లో. కెర్నెల్ అంటే కంప్యూటర్ లోపల కూర్చుని అందరికీ పనులు పంచే మేస్త్రీ అనుకోండి. దాని కింద నాలుగైదు ప్రాసెసర్లు ఒకేసారి పనిచేస్తుంటాయి. వాటన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి లెక్క ఉంటుంది. ఫలానా చోట ఇప్పుడు ఎందరున్నారు అని. లోపలికి వెళ్లేవాడు ఒకటి కలపాలి, బయటికి వచ్చేవాడు ఒకటి తీసేయాలి. సున్నా పడితే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇద్దరు ఒకేసారి చెయ్యి పెడితే లెక్క తప్పుతుంది కాబట్టి, ఆ కలపడమైనా తీయడమైనా మధ్యలో ఎవరూ వేలు పెట్టకుండా ఒక్క దెబ్బలో అయిపోవాలి. దాన్నే అటామిక్ ఆపరేషన్ అంటారు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ దాని పక్కనే పూర్వం ఎవరో ఛాందసుడు ఒక బారియర్ పెట్టాడు. 'లోపలివాడు తన పనంతా ముగించుకుని బయటికొచ్చాడని ఖాయం అయ్యేదాకా ఆగు' అని దాని అర్థం. ఆగు! విన్నారా ఆ మాట?

ఆ ఆగడానికి పట్టే సమయం నాలుగు నానో సెకన్లు. బెన్సన్ రోజూ ఆ బారియర్ వైపు చూసేవాడు. చూసినకొద్దీ ఒళ్లు మండేది. ఆ కాస్త సందులో లోపల ఎవరుంటారు? ఎప్పుడూ ఎవరూ ఉండరు! ఒకరోజు ధైర్యం చేసి దాన్ని పీకేశాడు. ఆఫీసు మెషీన్ మీద పది లక్షలసార్లు పరీక్షించాడు. ఒక్కసారి కూడా ఏమీ కాలేదు.

ఆఫీసులో కేకు తెప్పించారు. మేనేజర్ వచ్చి కోసేదాకా అందరూ నలభై నిమిషాలు ఆగారు. అది వేరే సంగతి. ఆ కెర్నెల్ రేవుల్లో క్రేన్లను నడిపించే చిన్న కంప్యూటర్లలోకి వెళుతుంది. వచ్చే నెలలో ఒక సోమవారం విడుదల అని ప్రకటించారు.

ఒకసారి ఆగడం దండగని తెలిశాక మనిషి ఊరుకోగలడా? బెన్సన్ ఇంట్లో కూడా బారియర్లు పీకడం మొదలుపెట్టాడు. భార్య స్టెఫీ మాట ముగించకముందే జవాబు చెప్పేసేవాడు. భోజనానికి ముందు ఆమె ప్రార్థన చేస్తుంటే ఆమెన్ పడకుండానే కంచంలో చెయ్యి పెట్టేవాడు.

"దేవుడు వినేదాకా అయినా ఆగరేటండీ!" అంది ఆమె.

ఆమె వాక్యం పూర్తయ్యేసరికి ఆయన రెండో ముద్దలో ఉన్నాడు.

ఇక ఎర్రగుడ్డ సంగతికి వస్తాను. మా బిల్డింగ్‌లో పన్నెండు వాటాలు. కింద సంపు, అందులో మోటారు, మిద్దె మీద ట్యాంకు. మీటర్ల గదిలో ఒక మేకుకు ఎర్రగుడ్డ వేలాడేది. మోటారు జోలికి వెళ్లేవాళ్లు ముందు ఆ గుడ్డ తీసుకుని స్విచ్చు బోర్డుకి కట్టాలి. పనయ్యాక మళ్లీ మేకుకు తగిలించాలి. మేకు ఖాళీగా ఉంటే గుడ్డ ఎవరి దగ్గరో ఉన్నట్టు. ఎంత అర్జెంటైనా స్విచ్చు ముట్టుకోకూడదు. వాచ్‌మన్ ఎల్లారావు సంపు కడగడానికి దిగినప్పుడు కూడా ఇదే పద్ధతి.

ఈ ఆచారం పెట్టింది ఎల్లారావు మేనమామ వరహాలు, స్టీల్ ప్లాంటులో ఫిట్టర్‌గా చేసి రిటైరైన మనిషి. అక్కడ మెషీన్ లోపలికి వెళ్లేవాడు స్విచ్చుకి తన తాళం తనే వేసుకుని, చెవి జేబులో పెట్టుకుని మరీ వెళతాడట. వాడు బయటికొచ్చి తీస్తే తప్ప ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ తాళం తీయకూడదట. ఒక మామూలు ఫిట్టర్ కోసం అంత పెద్ద మెషీన్ ఆగడమా! ఉక్కు ఇంతకాలం ఎలా తయారైందో నాకు అర్థం కాదు.

ఒకరోజు బెన్సన్ తలకి షాంపూ రాసుకున్నాక నీళ్లు ఆగిపోయాయి. నురగతోనే మూడంతస్తులూ దిగాడు. మేకు ఖాళీ. ఎల్లారావు సంపులో ఉన్నాడు. బెన్సన్ పదకొండు నిమిషాలు నిలబడ్డాడు. నురగ కళ్లలోకి కారుతుండగా లెక్కవేశాడు. అరవై ఆరు వేల కోట్ల నానో సెకన్లు!

మరుసటి ఆదివారం మా అసోసియేషన్ ప్రెసిడెంట్ జయమణి గారింట్లో మీటింగ్ పెట్టించాడు. గుడ్డ వద్దన్నాడు. మోటారుకి వైఫై స్విచ్చు పెడదాం, ఎవరికి కావాలంటే వాళ్లు ఫోన్లో బటన్ నొక్కుకుంటారు, ఎవరూ ఎవరికోసమూ ఆగక్కర్లేదు అన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ ఎల్లారావు తల గోక్కున్నాడు. "మరి నాను లోపలున్నట్టు ఆ ఫోనుకి ఎలా తెలుత్తాది బాబూ?"

"నువ్వు దిగేది నెలకోసారి. సరిగ్గా ఆ టైములో ఎవరైనా నొక్కడం లక్షలో ఒకటి ఎల్లారావ్" అన్నాడు బెన్సన్.

లక్షలో ఒకటి! ఇంతకంటే భరోసా ఎవరివ్వగలరు? అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త గట్టిగానే కొట్టాను. ఎర్రగుడ్డని బెన్సన్ బైకు తుడుచుకోవడానికి తీసుకెళ్లాడు.

తర్వాత మూడు వారాలు మా బిల్డింగ్ స్వర్గం. ఒకరు ఆన్ చేద్దామని నొక్కితే, అదే క్షణంలో ఇంకొకరూ ఆన్ చేద్దామని నొక్కి ఆఫ్ చేసేవాళ్లు. ఒక ఉదయం ట్యాంకు పొంగి మెట్లమీద జలపాతం. ఆ సాయంత్రమే కుళాయిలో చుక్క లేదు. అయినా ఒక్కరైనా మంచం దిగారా? దిగలేదు! దీన్ని కదా ప్రగతి అనాలి?

శనివారం ఉదయం తొమ్మిది దాటింది. ఎల్లుండి విడుదలకు తాను సిద్ధమని బెన్సన్ మేనేజర్‌కి మెయిల్ రాస్తున్నాడు. ఇంతలో అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫిర్యాదు పడింది. మోటారు తిరగడం లేదని. ఫోన్లో చూస్తే ఆన్ అనే ఉంది. ట్యాంకులో నీళ్లు మాత్రం పెరగడం లేదు. తన సిస్టమ్‌కి పేరు పోతుందేమోనని బెన్సన్ గబగబా కిందికి దిగాడు.

మీటర్ల గదిలో మోటారు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీ. ఎవడు పీకేశాడు అని అరవబోయాడు. అప్పుడు కనిపించాయి, సంపు మూత పక్కన ఒక జత హవాయి చెప్పులు.

వంగి చూశాడు. మోకాలి లోతు నీళ్లలో ఎల్లారావు చీపురుతో అడుగున పేరుకున్న నల్లదుమ్ము గీకుతున్నాడు.

"ఫ్యూజు ఏదీ?" అన్నాడు బెన్సన్.

ఎల్లారావు తడి చెయ్యి భుజానికి తుడుచుకుని చొక్కా జేబు మీద తట్టాడు. "నా దగ్గరే ఉంది బాబూ. గుడ్డ మీరు తీసీసినారు కదా. మా మావ సెప్పినాడు, ఒరే, నీ పేణం ఇంకొకడి ఏలి కింద పెట్టకు, నీ జేబులో పెట్టుకో అని. తప్పేటి బాబూ?"

బెన్సన్ కళ్లు మోటారు వైరు మీద ఉన్నాయి. అతుకు దగ్గర టేపు ఊడి, రాగి తీగ నీళ్లలో మునిగి ఉంది. ఫోన్ తీసి ఎవరెప్పుడు నొక్కారో చూశాడు. తొమ్మిదీ పదికి ఒకసారి, తొమ్మిదీ పదకొండుకి రెండుసార్లు. చివరిది ఆన్.

అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. భయమేసింది, అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. లక్షలో ఒకటి అన్నాడు. మొదటి నెలలోనే మూడు.

"పైకి రా ఎల్లారావ్" అన్నాడు. చెయ్యి అందించాడు. "ముందు పైకి రా."

ఎల్లారావు గట్టెక్కేదాకా అతను చెయ్యి వదల్లేదు. తర్వాత మేడమీదికి వెళ్లి సగం రాసిన మెయిల్ ముందు కూర్చున్నాడు. అతనికి మొదటినుంచీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆఫీసులో పరీక్షించిన మెషీన్ చాలా బుద్ధిమంతురాలు. బారియర్ లేకపోయినా పనులు దాదాపు వరసలోనే చేస్తుంది. క్రేన్లలో పెట్టేవి ఆ జాతివి కావు, వాటికి చెబితే తప్ప వరస ఉండదు. పది లక్షల పరీక్షలూ ఆ బుద్ధిమంతురాలి మీదే జరిగాయి. 'ఇబ్బంది వచ్చే అవకాశం బహు స్వల్పం' అని రిపోర్టులో అతనే రాశాడు. క్రేన్ కింద కూడా చెప్పులు విడిచి వెళ్లిన మనుషులు ఉంటారని అప్పుడు తట్టలేదు.

మెయిల్ చెరిపేశాడు. బారియర్ మళ్లీ పెట్టేశాడు. గంటలో మేనేజర్ ఫోన్ చేశాడు.

"ఏంటి బెన్సన్ ఇది! ఆ నాలుగు నానో సెకన్లూ ఏమయ్యాయని కస్టమర్ అడిగితే ఏం చెప్పమంటావు?"

"లోపల మనిషి ఉండొచ్చని చెప్పండి సార్."

చూశారా, ఎంత వెనక్కి వెళ్లిపోయామో! ఆ కెర్నెల్ రాజ్యంలో మళ్లీ ప్రాసెసర్లు ఒకదానికోసం ఒకటి ఆగుతున్నాయి. మా బిల్డింగ్‌లో వైఫై స్విచ్చు ఊడదీశారు. బైకు నూనె మరకలున్న గుడ్డని స్టెఫీ రెండుసార్లు ఉతికి మేకుకు తగిలించింది. ఆ పూట భోజనాల దగ్గర ఆమె కావాలనే ప్రార్థన పొడిగించిందట. ఆయన ఆమెన్ దాకా కళ్లు తెరవలేదట.

ఇంతకీ ఆ మూడుసార్లు నొక్కిందెవరని మీటింగులో జయమణి గారు అడిగారు. బెన్సన్‌కి తెలుసు, ఫోన్లో వాటా నంబరుతో సహా కనిపిస్తుంది. అయినా తప్పంతా తనదేనని చెప్పి కూర్చున్నాడు.

ఆయన చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను. రెండో అంతస్తు, 203. అంటే నేనే. ట్యాంకులో ఇంకా సగం నీళ్లున్నాయి. ధార కొంచెం సన్నగా వస్తోందని నొక్కాను. త్వరగా స్నానం చేసి, ఆగడం ఎంత అనాగరికమో మీకు రాయడానికి కూర్చోవాలి మరి! మొదటి వాక్యం అప్పటికే రాసి పెట్టుకున్నాను.

నిన్న ఉదయం వైరు మార్చడానికి ఎల్లారావు మళ్లీ సంపులోకి దిగాడు. నా కుళాయిలో నీళ్లు లేవు. కిందికి వెళ్లాను. మేకు ఖాళీగా ఉంది. స్విచ్చు బోర్డుకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. అక్కడే చెప్పుల పక్కన నిలబడ్డాను. ఎంతసేపో లెక్కపెట్టలేదు.

కాసేపటికి తల బయటపెట్టి, "ఏటి బాబూ, అర్జెంటేటి?" అన్నాడు ఎల్లారావు.

"ఏం లేదు, నువ్వు కానివ్వు" అన్నాను.